ఆ ఊఁ ఎవరికి?

"నా మాట నాకంటే ముందు మా ఇంటికి ఎలా చేరింది?" అని లెక్కల టీచరు నా గదిలో నిలబడి అడిగింది సోమవారం. అంతకు ఐదు రోజుల ముందు, అదే గదిలో, అదే కుర్చీలో కూర్చుని ఆమె నాకొక సంగతి చెప్పుకుంది. వేరే ఊళ్ళో ఉద్యోగం దొరికిందని, భర్తని వదిలి ఒక్కతే వెళ్ళిపోవాలనుకుంటున్నదని, ఇంకా ఎవరికీ చెప్పలేదని. సోమవారం పొద్దున భర్త ఆమె ఎదురుగా కూర్చుని, "ప్రయాణం ఎప్పుడు?" అన్నాడట. ఆ సంగతి తెలిసినవాళ్ళు మా కౌన్సెలింగ్ సెంటర్లో ఇద్దరమే: నేను, పక్కగదిలో పనిచేసే కొత్తావిడ. నేను కాదు కాబట్టి ఆవిడే అయ్యుండాలని మంగళవారం కాగితం మీద రాసి, సంతకం పెట్టి, మా డాక్టరమ్మ చేతికిచ్చేశాను. శుక్రవారం పదింటికి అందరినీ ఒకచోట కూర్చోబెట్టి తేలుస్తానని డాక్టరమ్మ అన్నది. కొత్తావిడ ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఆరు నెలల గడువులో ఐదో నెల నడుస్తోంది. గదిలో విన్నది బయటపెట్టిందన్న పేరు వస్తే ఇక్కడే కాదు, ఈ పనిలో ఇంకెక్కడా ఆమెని గడప తొక్కనివ్వరు.

ఇక గురువారం సంగతి.

పొద్దున్నే మా ఇంట్లో తెల్ల టీషర్టు దగ్గర గొడవ మొదలైంది.

"లాండ్రీ నుంచి తెస్తావా అని నిన్న అడిగాను. ఊఁ అన్నావు," అన్నారు మావారు. బీరువా తలుపులు రెండూ బార్లా తీసి, టీషర్టు దానంతటదే లోపలినుంచి దూకుతుందేమో అన్నట్టు చూస్తున్నారు.

"నేనా? ఎప్పుడు?"

"నిన్న సాయంత్రం. కూరగాయలు తరుగుతూ."

"మీరు నన్ను అడగనేలేదు."

"అడిగాను. ఊఁ అన్నావు. ఇవాళ షటిల్ డబుల్స్ ఫైనల్. జట్టంతా తెల్లవి వేసుకొస్తారు. నేనీ పచ్చది తగిలించుకుని వెళ్తే చిలకొచ్చిందంటారు."

మామయ్య పేపరు కొంచెం కిందికి దించారు. "ఊఁ అన్న మాట నిజమే. నేనూ విన్నాను. అయితే అది నీకు అన్నది కాదురా. అప్పుడు నేను వంతెన కూలిన వార్త చదివి వినిపిస్తున్నాను. నాకు అన్నది."

"మీకూ కాదు," అత్తయ్య వంటింట్లోంచే అన్నది. "గిన్నె మీద మూత పెట్టావా అని నేనడిగాను. నాకు అన్నది."

"మూత పెట్టానా మరి అత్తయ్యా?"

"ఎక్కడ పెట్టావు? బల్లి పడకపోవడం మన అదృష్టం."

మామయ్య మళ్ళీ పేపరెత్తుకుని, "ఒక్క ఊఁకి ముగ్గురం వాటాదార్లం," అన్నారు. నాకు నవ్వొచ్చింది గానీ మావారికి రాలేదు. పచ్చ టీషర్టు మెడలోంచి తల బయటపెట్టి, "ఇకమీదట నీతో ఏది చెప్పినా కాగితం మీద రాసి సంతకం పెట్టించుకోవాలి," అనేసి, తలుపు వెనక కొక్కేనికున్న బ్యాటు సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయారు.

సంతకం అనే మాట నాకు ఎక్కడో గుచ్చుకుంది. సెంటర్లో జరిగిన రభస నేనింట్లో ఎవరికీ చెప్పలేదు. గదిలోది ఇంటికి తేకూడదు కదా మరి. ఆ నియమం నేను గట్టిగా పాటిస్తున్నాననే అప్పటిదాకా నా నమ్మకం.

మా సెంటరు కళ్ళజోళ్ళ షాపు మీద, మొదటి అంతస్తులో ఉంటుంది. మెట్లెక్కగానే ఒక బెంచీ, బెంచీకి ఎదురుగా బల్ల, బల్ల వెనక టోకెన్ మాస్టారు. ఆయన ముప్ఫై ఏళ్ళు ఒక బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. వచ్చినవాళ్ళని పేరుపెట్టి పిలవకూడదని డాక్టరమ్మ చెబితే, మర్నాడే ఎక్కడినుంచో ఇత్తడి టోకెన్లు సంపాదించుకొచ్చారు. పేర్లు రావలసింది లోపలి ఫారాల్లోకే, బయట అంతా అంకెలే.

మాకు మాత్రం ఆయనే పేర్లు పెట్టారు. నా గది తలుపు దాటి బయటికి వినబడేది "అయ్యో" ఒక్కటేనట. అందుకని నేను అయ్యో మేడం. పక్కగదిలోంచి "ఊఁ" తప్ప ఏమీ వినబడదు గనక కొత్తావిడ ఊఁ మేడం. ఐదు నెలలుగా చూస్తున్నాను, వచ్చినవాళ్ళు ముందు నన్నే అడిగేవాళ్ళు. ఈమధ్య ఆ ఊఁ దగ్గరికి వరస పెరిగింది. దానికి నాకు అసూయ లేదని నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. అన్నిసార్లు చెప్పుకోవలసి వచ్చిందంటే ఉండే ఉంటుంది.

ఆవిడ మీద నా అనుమానం ఊరికే పుట్టలేదు. ఆవిడ చెప్పులు చప్పుడు చెయ్యవు; తలెత్తేసరికి గుమ్మంలో ఉంటుంది. ఒక మనిషి వెళ్ళాక తలుపు మూసుకుని ఐదు నిమిషాలు కాగితం మీద ఏదో రాస్తుంది. రాసింది కాసేపు చూసి, గోరంత ముక్కలుగా చింపి, ఆ ముక్కల్ని చేతిసంచీలో వేసుకుంటుంది. గదిలో చెత్తబుట్ట ఉండగా చింపిన కాగితం ఇంటికెందుకు? పైగా శనివారం సాయంత్రం నా కిటికీలోంచి చూశాను. ఎదురు బస్టాపులో ఆవిడతో ఒకాయన నిలబడి మాట్లాడుతున్నాడు. తెల్ల టీషర్టు, భుజాన బ్యాటు సంచీ. సోమవారం లెక్కల టీచరుని తీసుకెళ్ళడానికి మెట్ల దగ్గరికి వచ్చిన భర్త ఆయనే. నాకు ఇంకే రుజువు కావాలి?

లెక్కల టీచరు మొదటిసారి వచ్చినప్పుడు ఫారం నింపింది కూడా కొత్తావిడే. కాబట్టి ఆమెకి మనిషి తెలుసు. ప్రతి గురువారం మధ్యాహ్నం మేమిద్దరం కూర్చుని చిక్కు సమస్యలు ఒకరికొకరం చెప్పుకుంటాం. అది డాక్టరమ్మ పెట్టిన పద్ధతి. పోయిన గురువారం ఉద్యోగం సంగతి నేనే చెప్పాను. కాబట్టి ఆమెకి మాటా తెలుసు. మనిషి, మాట రెండూ తెలిసినవాళ్ళు ఇంకెవరున్నారు?

ఆ గురువారం పదకొండున్నరకి, ఆవిడ మోకాళ్ళ నొప్పులున్న ఒక ముసలావిడని చెయ్యి పట్టుకుని మెట్లు దింపుతోంది. ఒక్కో మెట్టు మీదా ఆగుతున్నారు. పక్కగది తలుపు తెరిచి ఉంది. సొరుగుకి తాళంచెవి వేలాడుతోంది. ఎప్పుడూ దాన్ని పిన్నీసుతో నడుముకి గుచ్చుకునే మనిషి, ఆ తొందరలో మరిచిపోయింది.

నేను లోపలికి వెళ్ళాను. వెళ్ళకూడదని నాకు తెలుసు. తెలిసే వెళ్ళాను.

ఆ గది నా గదికి పూర్తిగా వ్యతిరేకం. నా గదిలో పూల పరదాలు, గోడకి సముద్రం బొమ్మ, బల్ల మీద బిస్కెట్ల డబ్బా. ఇక్కడ ఏమీ లేవు. రెండు కుర్చీలు, ఎదురెదురుగా కాకుండా కొంచెం పక్కవాటుగా. గడియారం వచ్చినవాళ్ళ వీపు వెనక గోడకి ఉంది, తను మాత్రమే చూడగలిగేలా. తలుపు దగ్గర పాత ఫ్యాను గరగరమంటోంది, లోపలి మాట బయటికి పోకుండా. అన్నీ ఎవరినో మోసం చెయ్యడానికి అమర్చినట్టే కనిపించాయి నాకు ఆ పూట.

సొరుగులో ఒక రూళ్ళ నోటుపుస్తకం. అట్ట మీద "2" అని రాసి ఉంది. రెండు అంటే నా గది నెంబరు.

తెరిచాను.

"గురువారం. రెండో గది. నేను చెబుతున్నంతసేపూ ఊఁలు పదకొండు. విన్నవి నాలుగు."

తర్వాతి పేజీ. "గురువారం. ఊఁలు తొమ్మిది. విన్నవి మూడు. మధ్యలో ఫోను రెండుసార్లు చూసింది."

ఇంకో పేజీ. "గురువారం. ఊఁలు పద్నాలుగు. చెప్పనా? ఎలా చెప్పను?"

లెక్కల టీచరు గురించి అందులో ఒక్క ముక్క లేదు. పుస్తకమంతా నేనే.

"అది మీదే. తీసుకెళ్ళండి."

గుమ్మంలో కొత్తావిడ. చప్పుడు చెయ్యని చెప్పులు.

సొరుగు తెరిచి పట్టుబడ్డదాన్ని నేను. అయినా గొంతు నాదే ముందు లేచింది. "నా మీద నిఘా పెట్టారా? ఎవరికివ్వడానికి ఈ చిట్టా? డాక్టరమ్మకా?"

"మీకే ఇవ్వాలని మొదలుపెట్టాను." ఆవిడ తలుపు మూసి, వచ్చినవాళ్ళు కూర్చునే కుర్చీలో కూర్చుంది. తన కుర్చీ నాకు వదిలింది. నేను కూర్చోలేదు.

"నాకివ్వడానికి ఐదు నెలలా?"

"మూడు నెలలు. మొదటి రెండు నెలలూ నాకే అనుమానం, నేనే తప్పుగా వింటున్నానేమోనని. లెక్కపెట్టాక అనుమానం పోయింది. ధైర్యం మాత్రం రాలేదు. మీరు సీనియరు. నా ఉద్యోగం ఇంకా గాల్లో ఉంది."

"విన్న ఊఁ, వినని ఊఁ అని మీరెలా తేలుస్తారండీ? నా చెవుల్లో దూరి చూశారా?"

"విన్న ఊఁ మాట అయ్యాక ఒక్క క్షణం ఆగి వస్తుంది. విననిది మాట పూర్తికాకముందే వచ్చేస్తుంది." ఆమె నవ్వలేదు, వెటకారమూ లేదు. "పోయిన నెల మీకు టోకెన్ ఐదు సంగతి చెబుతూ, మధ్యలో 'నిన్న మా ఇల్లు తగలబడింది' అన్నాను. గుర్తుందా?"

నాకు గుర్తులేదు.

"ఊఁ అన్నారు. తర్వాత 'అయ్యో' అని కూడా అన్నారు. అది టోకెన్ ఐదు కోసం."

నేనప్పుడు కూర్చున్నాను.

ఈ ఉద్యోగంలో చేరేటప్పుడు డాక్టరమ్మ నన్నొకటే ప్రశ్న అడిగింది. "నీకు కబుర్లు చెప్పడం ఇష్టమా, వినడం ఇష్టమా?" వినడం అన్నాను, తడుముకోకుండా. తడుముకోని జవాబు చూసి ఆవిడ ఒక క్షణం నా మొహంలోకి చూసిన సంగతి ఇప్పుడు గుర్తొచ్చింది.

అయినా లొంగకూడదనిపించింది. "నేను వింటానో లేదో తర్వాత. శనివారం బస్టాపులో మీరు లెక్కల టీచరు భర్తతో ఏం మాట్లాడారు? నా కళ్ళారా చూశాను."

"ఆయనెవరో అప్పుడు నాకు తెలియదు. ఆయనే చెప్పుకున్నాడు. 'మా ఆవిడ మీ దగ్గరికి వస్తోంది కదా, ఆ కొత్త ఉద్యోగం గురించి ఏమంటోంది?' అని అడిగాడు."

"మీరేమన్నారు?"

"ఎవరొస్తారో ఎవరు రారో మేం చెప్పమండీ అన్నాను. మళ్ళీ అడిగాడు. మళ్ళీ అదే అన్నాను. ఊఁ అనలేదు, ఊహూఁ అనలేదు. తలకూడా ఆడించలేదు. బస్సు వచ్చింది, అది నాది కాదు, అయినా ఎక్కేశాను. దిగి డాక్టరమ్మకి ఫోను చేశాను. వెనక్కి నడిచొచ్చి మాస్టారి రిజిస్టర్లో రాయించాను. వెళ్ళి చూసుకోండి."

వెళ్ళి చూసుకున్నాను. నమ్మి ఊరుకునే స్థితిలో లేను. టోకెన్ మాస్టారు అద్దాలు తుడుచుకుని, పేజీ తిప్పి, వేలు పెట్టి చూపించారు. శనివారం, సాయంత్రం ఐదూ పది. బస్టాపు. ఒక మగమనిషి. అడిగిన మాట, చెప్పిన జవాబు. కింద ఊఁ మేడం సంతకం, దాని పక్కన మాస్టారి సంతకం.

"అయ్యో మేడం," అన్నారాయన మెల్లిగా, "ఇది రాయించి సంతకం పెట్టేదాకా ఆవిడ కూర్చోలేదు. నేనే మంచినీళ్ళిచ్చాను."

అంటే డాక్టరమ్మకి శనివారమే తెలుసు. మంగళవారం నా కాగితం తీసుకున్నప్పుడు ఈ సంగతి ఎత్తలేదు. "బాగా ఆలోచించే రాశావా?" అని మాత్రం అడిగింది. నేను ఊఁ అన్నాను.

మళ్ళీ పక్కగదికి వెళ్ళాను. కొత్తావిడ నోటుపుస్తకాన్ని బల్ల అంచున, నా వైపుకి జరిపి పెట్టి ఉంచింది.

"చింపిన కాగితాలు ఇంటికెందుకు తీసుకెళ్తారు?" అది కూడా అడిగేశాను. మిగిలింది అదొక్కటే మరి.

"నీళ్ళలో నానబెట్టి పారేస్తాను. ఇక్కడి చెత్తబుట్ట కళ్ళజోళ్ళ షాపు వెనకాల ఖాళీచేస్తారు. అక్కడ గాలి ఎక్కువ."

ఆవిడే మాట్లాడింది, ఐదు నెలల్లో ఎన్నడూ లేనంతగా.

"నా తప్పు కూడా ఉందండీ. పక్కన పనిచేసే మనిషి వినడం మానేసిందని తెలిసినప్పుడు మొహం మీద చెప్పాలి. వెనకాల కూర్చుని లెక్కపెట్టడం కాదు. అది మీకూ మంచిది కాదు, మీ దగ్గరికొచ్చే వాళ్ళకీ కాదు. రేపు డాక్టరమ్మ ముందు ఆ మాట కూడా చెబుతాను. పంపేస్తే పంపేస్తారు." కొంచెం ఆగింది. "ఒక్కటి అడగనా? శనివారానికే ఆయనకి తెలుసు. నాకు తెలిసింది గురువారం మధ్యాహ్నం. గురువారానికీ శనివారానికీ మధ్య మీరు ఈ సంగతి ఎక్కడైనా..."

"నేను పేరు ఎప్పుడూ ఎవరికీ చెప్పను," అన్నాను, ఆమె మాట పూర్తికాకముందే.

ఆమె నా వైపు చూసింది. నాకే వినబడింది, నా జవాబు ఎంత తొందరగా వచ్చిందో.

"పేరు మీరు చెప్పరు," అన్నది కొత్తావిడ. "వాళ్ళు చెబితే?"

ఇంటికి వెళ్ళేదారిలో పోయిన గురువారాన్ని తవ్వుకుంటూ నడిచాను. ఆ రోజు మావారు ఆట నుంచి ఇంకా రాలేదు, మేం ముగ్గురం భోజనం చేస్తున్నప్పుడు నేనేదో చెప్పిన మాట నిజం. గదిలో విన్నవి అప్పుడప్పుడూ కథల్లా చెప్పడం నాకలవాటు. పేరుండదు, వీధి ఉండదు, వయసు మార్చేస్తాను. "ఒకావిడ ఉంది" అని మొదలుపెడతాను. మా అత్తయ్యకి ఆ కథలంటే ప్రాణం. అందులో తప్పేముంది? అందరూ ఆఫీసు సంగతులు చెప్పుకుంటారు, నేనూ చెప్పుకుంటాను అనుకునేదాన్ని. ఆ గురువారం ఏం చెప్పాను? ఎంత తవ్వినా మాటలు రావడం లేదు. కంచాలు గుర్తొచ్చాయి, చేతిలో ఫోను గుర్తొచ్చింది, మా అక్క పంపిన చీరల ఫోటోలు గుర్తొచ్చాయి. ఒక్కో చీరా పెద్దది చేసి చూసుకున్నాను. మాటలు మాత్రం లేవు.

ఎనిమిదింటికి నలుగురం బల్ల దగ్గర కూర్చున్నాం. మావారు హుషారుగా ఉన్నారు. పచ్చ టీషర్టుతోనే ఫైనల్ గెలిచారట. నేను కూర వడ్డించి, గరిటె గిన్నెలో పెట్టి, కూర్చుని అడిగాను.

"అత్తయ్యా, పోయిన గురువారం నేనేదో చెప్పాను, గుర్తుందా? ఒకావిడ గురించి."

"గుర్తులేకేం? మాట్లాడుతున్నంతసేపూ వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకుంటూ ఉంటుందని చెప్పావు. వేరే ఊళ్ళో ఉద్యోగం చూసుకుంది, మొగుడికి చెప్పలేదు అన్నావు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదనుకో."

"నేను పేరు చెప్పానా?"

"నువ్వెక్కడ చెబుతావమ్మా? నువ్వు పేర్లు చెప్పవుగా." అత్తయ్య మంచినీళ్ళు తాగి గ్లాసు పెట్టింది. "నేనే అన్నాను. వేళ్ళ మీద లెక్కపెట్టేది మన రెండో వీధి లెక్కల టీచరేనా అని."

"నేనేమన్నాను?"

"ఊఁ అన్నావు."

గదిలో ఉన్న నలుగురిలో ముందు కదిలింది మామయ్య. "ఆ ఊఁ నాకన్నదేమో," అన్నారు, పాపం, ఎలాగైనా నన్ను గట్టెక్కించాలని. "నేనేదో చదువుతూనే ఉండుంటాను."

"ఆ రోజు మీకు పన్ను నొప్పి. నోరు తెరవనేలేదు," అన్నది అత్తయ్య. "ఏమిటే అమ్మాయ్, ఏం జరిగింది? అలా పాలిపోయావేం?"

చెప్పాను. సోమవారం నుంచి గురువారం దాకా, కాగితం, సంతకం, రిజిస్టరు, నోటుపుస్తకం, అన్నీ. చెబుతున్నంతసేపూ అత్తయ్య ఒక్క ఊఁ కూడా కొట్టలేదు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వింది. మావారి మొహంలో హుషారు మాత్రం సగంలోనే దిగిపోయింది.

"సరే, అయిందేదో అయింది," అన్నారు. "రేపు ఏం చేస్తావు?"

"ఏం చెయ్యాలి?"

"ఏమీ చెయ్యకు. నువ్వు ఊఁ అన్నావని ఎవరికి తెలుసు? ఈ బల్ల దగ్గరున్న నలుగురికి. నలుగురం మనవాళ్ళమే. రేపు ఆ డాక్టరమ్మ ఏమడిగినా నాకు తెలియదు అను. ఆవిడెవరో కొత్తగా వచ్చిన మనిషి, ఇవాళ ఇక్కడ, రేపు ఇంకోచోట."

"ఇంకోచోట ఎవరూ తీసుకోరండీ ఆవిడని."

"అది నీకెందుకు? నీ పదేళ్ళ పేరు సంగతి చూసుకో." తర్వాత గొంతు తగ్గించి, తల్లి వైపు తిరిగారు. "అమ్మా, నువ్వే పార్కులో ఆ ఆడవాళ్ళ దగ్గర అనేసి ఉంటావు. నీ నోట్లో మాట ఎప్పుడు ఆగింది గనక? ఇకనైనా కాస్త ఊరుకో."

అత్తయ్య కొడుకు వైపు చూసింది. అంత మాట పడి ఆవిడ ఊరుకోవడం నా పెళ్ళయ్యాక నేను చూడలేదు.

"రేపు నువ్వు నోరు విప్పవు," మావారు నా వైపు తిరిగి, చిన్నపిల్లకి చెప్పినట్టు నచ్చజెబుతూ అన్నారు. "అంతే. సరేనా? ఊఁ?"

ముగ్గురూ నా వైపే చూస్తున్నారు. నాలుక చివరికి వచ్చింది, అలవాటుగా, ఎప్పటిలాగే మాట పూర్తికాకముందే. పళ్ళ మధ్య ఆపాను. ఆయన అన్నదంతా మొదటినుంచి మళ్ళీ ఒకసారి లోపల విన్నాను. ఇంత సేపు పడుతుందా వినడానికి?

"ఊహూఁ," అన్నాను.

"ఏంటి?"

"రేపు పదింటికి లెక్కల టీచరు కూడా వస్తుంది. ఆమె ఎదురుగానే నా కాగితం వెనక్కి తీసుకుంటాను. కొత్తావిడ పేరు కొట్టేసి అక్కడ నా పేరు రాస్తాను. నీ మాటని ఇంట్లో కథగా చెప్పిందీ నేనే, అది నువ్వేనా అంటే ఊఁ అన్నదీ నేనే అని ఆమెకి చెబుతాను. ఆ తర్వాత ఆ గదిలో నన్ను కూర్చోనిస్తారో లేదో వాళ్ళిష్టం."

"నీకు మతిపోయింది," అన్నారు మావారు. "నీతోపాటు ఇల్లంతా బజార్న పడుతుంది. ఎవరు ఎవరికి చెప్పారని అడుగుతారు, తెలుసా?"

"అడగనియ్యి," అన్నది అత్తయ్య.

కంచం ముందుకి నెట్టి, కుర్చీ వెనక్కి జరిపి, లేచి నిలబడింది. ఆవిడ భోజనం మధ్యలో లేవగా నేను చూడడం అదే మొదలు.

"రేపు నేనూ వస్తున్నాను. నా కోడలు ఊఁ అన్నది నాతో. కాబట్టి ఆ తర్వాతి సంగతి చెప్పాల్సింది నేను. నేను పార్కులో ఎవరితోనూ అనలేదు. ఈ నోట్లోంచి ఆ మాట బయటికి పోయింది ఒక్కసారే. చెప్పింది ఒక్కడికే."

ఒక్కరికే అనలేదు. ఒక్కడికే అన్నది. మామయ్యని ఆవిడ ఎప్పుడూ "ఆయన" అంటుంది. మా ఇంట్లో ఆవిడ నోట "వాడు" అనిపించుకునే మనిషి ఒక్కరే ఉన్నారు.

తలుపు వెనక కొక్కేనికి వేలాడుతున్న బ్యాటు సంచీ వైపు నేను చూశాను. అలాంటి సంచీయే శనివారం బస్టాపులో ఒక తెల్ల టీషర్టు భుజాన చూశాను.

"ఇవాళ డబుల్స్‌లో మీ జోడీ ఎవరండీ?" అని అడిగాను.

మావారి చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.